పది మిల్లీలీటర్లకు నాలుగు చుక్కలు: ఎసెన్షియల్ ఆయిల్స్ ప్రాజెక్టు డైరీ

అనుకున్న పని

చేయాలనుకున్నవి మూడు. మణికట్టుకు రాసుకునే రోల్ ఆన్, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చే ఇన్‌హేలర్, సాయంత్రంపూట గదిలో వాసన చిమ్మే డిఫ్యూజర్‌లో వేసుకునే మిశ్రమం. వీటితోపాటు కనీసం ఒక్క నూనెనైనా నా చేతులతో ఆకులోంచి తీసి చూడాలి. ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల్లోంచి చిక్కబరిచి తీసే సువాసన నూనెలు, నాకు చాలాకాలంగా ఇష్టం. ఆ చుక్కలో ఏముందో, ఎంత వేస్తే సరిపోతుందో, ఎంత దాటితే చర్మం ఎదురు తిరుగుతుందో తెలుసుకుని వాడాలన్న కోరిక మాత్రం ఈమధ్యదే. అందుకే ఈ ప్రాజెక్టు. చేసినంతవరకు ఇక్కడ రాసి పెడుతున్నాను.

నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నది ఇది: వీటిలో కొవ్వు లేదు. కొబ్బరి నూనె, నువ్వుల నూనె మూత తీసి ఉంచినా గాల్లో కలిసిపోవు. ఎసెన్షియల్ ఆయిల్ మాత్రం ఎగిరిపోతూనే ఉంటుంది, ఆ ఎగిరే గుణం వల్లనే మనకు వాసన అందుతుంది. ఒక్కో నూనెలో పదుల కొద్దీ, కొన్నిట్లో వందల కొద్దీ రసాయనాలు ఉంటాయి. లావెండర్‌లో ముఖ్యంగా లినలూల్, లినలైల్ అసిటేట్. నీలగిరి తైలంలో సినియోల్. పిప్పర్‌మెంట్‌లో మెంథాల్, లవంగంలో యూజినాల్. మొక్క వీటిని తన అవసరానికే తయారు చేసుకుంటుంది. పురుగుల్ని, బూజును దూరంగా ఉంచడానికి కొన్ని, తేనెటీగల్ని పిలుచుకోవడానికి కొన్ని. మొక్క ఆత్మరక్షణకు దాచుకున్న సరుకును మనం చిక్కబరిచి సీసాలో పెట్టుకుంటున్నాం. ఆ సంగతి గుర్తుంటే చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది.

సీసాలు ఎంచుకోవడం

లావెండర్, పిప్పర్‌మెంట్, నీలగిరి, స్వీట్ ఆరెంజ్, దేవదారు, నిమ్మ. మొదటి విడతకు ఇవి చాలు. ముప్పై రకాల కిట్ కొనేసి ఏది ఏమిటో తెలియక తికమకపడటం కంటే, ఆరింటిని వాసన చూడగానే గుర్తుపట్టేలా అలవాటు చేసుకోవడం మేలని నా నమ్మకం.

కొనేటప్పుడు లేబుల్ మీద నేను వెతికేది మొక్క శాస్త్రీయ నామం. ఉత్తి "లావెండర్" అని ఉంటే సరిపోదు. లావాండులా అంగుస్టిఫోలియా అని ఉంటే అది అసలు లావెండర్. లావాండులా ఇంటర్మీడియా అయితే లావెండిన్ అనే సంకర జాతి. దిగుబడి ఎక్కువ, కర్పూరం వాసన కాస్త ఘాటుగా తగులుతుంది. రెండూ మంచివే, కానీ నిద్రకు ముందు వాడే మిశ్రమంలో నాకు మొదటిదే కావాలి. మొక్కలో ఏ భాగం నుంచి తీశారు, ఏ పద్ధతిలో తీశారు, బ్యాచ్ నంబరు ఎంత అన్నవి కూడా ఉండాలి. దాల్చిన ఆకు నూనెలో యూజినాల్ ఎక్కువ, దాల్చిన చెక్క నూనెలో సిన్నమాల్డిహైడ్ ఎక్కువ. చెట్టు ఒకటే, నూనెలు రెండు. బ్యాచ్‌కు జీసీ-ఎంఎస్ (నూనెలోని రసాయనాలను విడదీసి గుర్తించే ల్యాబ్ పరీక్ష) రిపోర్టు ఇచ్చే కంపెనీ అయితే ఇంకా నయం, ఏ రసాయనం ఎంత శాతం ఉందో అందులో కనిపిస్తుంది. "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని రాసి ఉంటే అది సువాసన కోసం కలిపిన మిశ్రమం. కొవ్వొత్తులకు బాగుంటుంది, నేను చేయబోయే పనికి పనికిరాదు.

ఇంటికి తెచ్చాక ప్రతిదాన్నీ తెల్ల కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి, పక్కన టైము రాసి వదిలేశాను. నిమ్మ, ఆరెంజ్ త్వరగా వాసన వదిలి పోయాయి, మరక కూడా దాదాపు మిగల్లేదు. లావెండర్ ఇంకొంతసేపు నిలిచింది. దేవదారు మాత్రం మర్నాడు కూడా కాగితంలో ఉంది. నూనెలో కొవ్వు నూనె కల్తీ చేస్తే జిడ్డు మరక మిగులుతుందంటారు, నిజమే. అయితే గంధం, వట్టివేరు లాంటి బరువైన నూనెలు స్వచ్ఛమైనవైనా మరక వదులుతాయి కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పేయకూడదు.

ఇంకో పరీక్ష సరదాకొద్దీ చేసినా కళ్లు తెరిపించింది. థర్మోకోల్ ముక్క మీద నిమ్మనూనె చుక్క వేశాను. చుక్క పడ్డ చోట తెల్లటి గుళికలు మెత్తబడి లోపలికి కుంగాయి, చూస్తుండగానే గుంట పడింది, అంచులు జిగటగా మెరిశాయి. నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో ఎక్కువ భాగం ఉండే లిమొనీన్ అనే రసాయనం థర్మోకోల్‌లోని పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఈ నూనెల్ని పల్చటి ప్లాస్టిక్‌లో ఎందుకు పోయకూడదో, ముదురు రంగు గాజు సీసాలే ఎందుకు వాడతారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఆకు నుంచి నూనె

ఈ భాగం కోసమే నేను ఎక్కువగా ఎదురుచూశాను. మా అక్క కెమిస్ట్రీ చెబుతుంది. గుండ్రటి అడుగున్న ఫ్లాస్కు, దాన్ని వేడి చేసే హీటింగ్ మాంటిల్, ఆవిరిని చల్లబరిచే కండెన్సర్, క్లెవెంజర్ గొట్టం తనే తెచ్చిచ్చింది. క్లెవెంజర్ అంటే గీతలున్న సన్నటి పక్కగొట్టం ఉండే గాజు పరికరం. చల్లబడిన నీరు, నూనె అందులోకి దిగుతాయి. నూనె పైన నిలుస్తుంది, నీరు తిరిగి ఫ్లాస్కులోకి పోతుంది. ఎంత నూనె వచ్చిందో గీతల మీద చదువుకోవచ్చు.

ఎంచుకున్నది నిమ్మగడ్డి. కోసిన ఆకుల్ని కొద్దిగా వాడనిచ్చి, అంగుళం ముక్కలుగా కత్తిరించాను. 300 గ్రాములు ఫ్లాస్కులోకి, మునిగేదాకా నీళ్లు, ఉడుకు ఎగదన్నకుండా రెండు పింగాణీ పెంకులు.

"కండెన్సర్‌కి నీళ్లు కింది గొట్టంలోంచే ఎక్కించావా?" అక్క ఫోన్‌లో అడిగింది.

"కిందినుంచే అక్కా."

"సరే. పైనుంచి పోస్తే గొట్టం పూర్తిగా నిండదు, సగం ఆవిరి చల్లబడకుండానే పోతుంది. పైన మాత్రం దేనితోనూ మూయొద్దే, ఆవిరికి దారి ఉండాలి. మంట ఏదీ దగ్గర్లో పెట్టకు."

ఇక్కడ జరిగేది ఎంత తెలివైన పనో రాయకుండా ఉండలేను. నిమ్మగడ్డి వాసనకు మూలం సిట్రాల్. దాని మరుగు స్థానం సుమారు 229 డిగ్రీలు. అంత వేడిలో పెడితే ఆకు మాడిపోతుంది, నూనె చెడిపోతుంది. కానీ నీటితో కలవని ద్రవాన్ని నీటితోపాటు వేడి చేస్తే రెండింటి ఆవిరి పీడనాలూ కలుస్తాయి. ఆ మొత్తం బయటి గాలి పీడనాన్ని అందుకోగానే మరగడం మొదలవుతుంది. అంటే 100 డిగ్రీల లోపే సిట్రాల్ నీటి ఆవిరితో కలిసి బయలుదేరుతుంది. 198 డిగ్రీల దగ్గర మరిగే లినలూల్ అయినా, 250 దాటితే గాని మరగని యూజినాల్ అయినా ఆవిరి పద్ధతిలో బయటికి రాగలగడం దీనివల్లనే.

మరగడం మొదలైన కాసేపటికి కండెన్సర్ లోపలి గోడ మీద మసక కమ్మింది. పక్కగొట్టంలో నీరు మొదట పాలవిరుగుడులా ఉంది. తర్వాత పైభాగాన సన్నటి పసుపు ఉంగరం కనబడింది. చిన్న చిన్న బిందువులు కిందినుంచి పైకి లేచి ఆ ఉంగరంలో కలిసిపోతుంటే, గొట్టానికి ముఖం ఆనించి చూస్తూ ఉండిపోయాను. ఇల్లంతా నిమ్మ వాసన. గంటన్నర దాటాక ఉంగరం పెరగడం ఆగింది. గీతల మీద చదివితే మిల్లీలీటరుకు కాస్త అటూ ఇటూ.

300 గ్రాముల ఆకుకు ఒక్క మిల్లీలీటరు. నిరాశ కలగలేదు, ఎందుకంటే పచ్చి నిమ్మగడ్డిలో ఉండేదే అంత, 0.2 నుంచి 0.5 శాతం. గులాబీ సంగతి చూస్తే ఇది ఉదారమైన మొక్క. కిలో గులాబీ నూనెకు మూడు నుంచి ఐదు టన్నుల పూలు కావాలి.

అన్ని మొక్కలకూ ఈ పద్ధతి నప్పదు. మల్లెజాతి పూలు ఇంత వేడిని తట్టుకోలేవు, వాటి పరిమళాన్ని ద్రావకంతో తీసి, తర్వాత ఆల్కహాల్‌తో వేరు చేస్తారు. అలా వచ్చేదాన్ని అబ్సొల్యూట్ అంటారు. నిమ్మ, నారింజలకు వేడే అక్కర్లేదు, తొక్కలోని తిత్తుల్ని చిదిమితే చాలు. ఇక జర్మన్ చామోమిల్ నూనె ముదురు నీలం రంగులో ఉంటుంది. పువ్వులో ఆ నీలం లేదు. పువ్వులోని మాట్రిసిన్ ఆవిరి వేడికి మారి చామజులీన్ అవుతుంది, రంగు దానిది. మొక్కలో ఉన్నదే సీసాలోకి వస్తుందనుకునేవాళ్లకు నేను మొదట చెప్పే ఉదాహరణ ఇది.

చుక్క ఎంత

చాలామంది చెప్పే లెక్క ఇది: మిల్లీలీటరుకు 20 చుక్కలు. దాన్నిబట్టి 10 మిల్లీలీటర్ల రోల్ ఆన్‌లో రెండు శాతం కావాలంటే నాలుగు చుక్కలు, ఒక శాతానికి రెండు. పెద్దవాళ్ల ఒంటికి మామూలుగా రెండు శాతం దాకా, ముఖానికి, సున్నితమైన చర్మానికి ఒక శాతం లోపు అన్నది చాలామంది పాటించే హద్దు.

అయితే చుక్క అన్నది కొలత కాదు. నూనె పల్చనను బట్టి, సీసా మూతి రంధ్రాన్ని బట్టి మారుతుంది. 0.01 గ్రాము చూపించే త్రాసు మీద నా లావెండర్ పది చుక్కలు తూస్తే 0.3 గ్రాములకు దగ్గరగా వచ్చింది. 20 చుక్కల లెక్క నిజమైతే 0.44 రావాలి. అంటే నా సీసా చుక్క చిన్నది, మిల్లీలీటరుకు ముప్పైకి దగ్గర. ఇక్కడ తేడా తక్కువ వైపే ఉంది కాబట్టి పర్వాలేదు. గాజు డ్రాపర్‌తో పెద్ద చుక్కలు పడితే తేడా రెండో వైపుకు పోతుంది. అప్పటినుంచి చర్మానికి తగిలేవన్నీ తూకం ప్రకారమే చేస్తున్నాను. గదిలో పీల్చేవాటికి చుక్కలు చాలు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మంట పుట్టడం ఒక్కటే ప్రమాదం కాదు. ఘాటైన నూనెను నేరుగా పదే పదే రాస్తే ఒంటికి దాని మీద అలర్జీ ఏర్పడవచ్చు. ఒకసారి ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఆ తర్వాత ఒక్క చుక్క కూడా పడదు. ఒక్కో నూనెకు ఒక్కో హద్దు ఉండటం అందుకే. లవంగానికి 0.5 శాతం, నిమ్మగడ్డికి 0.7, దాల్చిన చెక్కకైతే 0.07. చివరిదాన్ని నేను అసలు కొననే లేదు.

రోల్ ఆన్

ఎసెన్షియల్ ఆయిల్‌ను పల్చబరిచే ఆధారంగా జొజొబా గింజల నూనె తీసుకున్నాను. నిజానికి అది ద్రవరూపంలో ఉండే మైనం, అందుకే త్వరగా పాడవదు. ద్రాక్షగింజల నూనె ఇంకా తేలిగ్గా ఇంకుతుంది కానీ ముక్కిన వాసన తొందరగా వస్తుంది. బాదం నూనె మధ్యస్తం.

పది మిల్లీలీటర్ల సీసాలో లావెండర్ రెండు పాళ్లు, స్వీట్ ఆరెంజ్ ఒక పాలు, దేవదారు ఒక పాలు, మొత్తం 0.18 గ్రాములు. మొదట ఆరెంజ్ పలకరిస్తుంది, అది వెళ్లాక లావెండర్, చివరికి కట్టె వాసనతో దేవదారు. బరువైన అణువులు నెమ్మదిగా ఎగురుతాయి, అందుకే ఈ వరస. దేవదారు లేకుండా చేసిన మిశ్రమం బాగానే ఉంది కానీ త్వరగా ఖాళీ అయిపోయినట్టు అనిపించింది.

నిమ్మగడ్డితో విడిగా ఒకటి చేశాను. 0.7 శాతం హద్దు ప్రకారం పది మిల్లీలీటర్లలో అంత కష్టపడి తీసిన నూనెకు దక్కింది ఒక్క చుక్క. మొదట చాలదేమో అనిపించింది. కలిపి రాసుకుంటే సరిగ్గా సరిపోయింది. ఆ లెక్కన ఒక్క మిల్లీలీటరు ఇరవై సీసాలకు వస్తుంది.

రెండింటినీ మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూశాకే మణికట్టుకు వాడాను. నిమ్మ నూనెను మాత్రం రోల్ ఆన్‌లో వేయలేదు. తొక్క చిదిమి తీసిన నిమ్మ, బెర్గమాట్ (నారింజ జాతి పండు) నూనెల్లో బెర్గాప్టెన్ లాంటి పదార్థాలుంటాయి. అవి రాసుకున్న చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడతాయి. ఎండ తగిలే చోట బెర్గమాట్‌కు అంతర్జాతీయ హద్దు 0.4 శాతమే. స్వీట్ ఆరెంజ్‌తో ఈ బెడద లేదు.

ఇన్‌హేలర్

అన్నిటికంటే తేలికైన పని ఇదే. గొట్టంలోని దూది వత్తికి పిప్పర్‌మెంట్, నీలగిరి, నిమ్మ కలిపి పదిహేను చుక్కలు పట్టించి మూత పెట్టాను. చర్మానికి తగలదు, పక్కవాళ్లకు వాసన పోదు. బస్సులో కడుపు తిప్పినప్పుడు నాకు ఇదే ఊరట.

పిప్పర్‌మెంట్ పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది. నిజానికి మెంథాల్ వల్ల ముక్కులో గాలి దారి పెద్దగా మారదు. చలిని గుర్తించే టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని అది తట్టి లేపుతుంది, చల్లటి గాలి ఎక్కువగా వస్తున్నట్టు మెదడుకు కబురు అందుతుంది. దిబ్బడ తగ్గలేదు, బాధ తగ్గింది. జలుబు చేసిన రాత్రి ఆ తేడా తెలిసినా నాకు అది ఉపశమనమే.

డిఫ్యూజర్

100 మిల్లీలీటర్ల నీళ్లకు మూడు నాలుగు చుక్కలు, అరగంట నడిపి ఆపేయడం, కిటికీ ఓరగా తెరిచి ఉంచడం. కొద్ది నిమిషాల్లోనే ముక్కు అలవాటుపడి వాసన పోయిందనిపిస్తుంది. గదిలో మాత్రం అది అలాగే ఉంటుంది. చాలామంది అప్పుడే ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు, తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఒకసారి బయటికి వెళ్లి తిరిగొస్తే అసలు సంగతి తెలుస్తుంది.

పని చేస్తుందా

వాసన మెదడుకు చేరే దారి మిగతా ఇంద్రియాల దారి లాంటిది కాదు. ముక్కు పైభాగంలోని గ్రాహకాల నుంచి కబురు మెదడులో వాసనలను అందుకునే ఘ్రాణ కందానికి, అక్కడినుంచి భావోద్వేగాలతో సంబంధమున్న అమిగ్డలాకు సూటిగా పోతుంది. జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ అక్కడికి కూతవేటు దూరం. చూపు, వినికిడి ముందు మెదడు మధ్యలోని థాలమస్ గుండా వెళ్లాలి. మనుషులకు సుమారు 400 రకాల ఘ్రాణ గ్రాహకాలున్నాయి. వాటి జన్యువుల కుటుంబాన్ని కనుగొన్నందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. కాబట్టి ఒక వాసనకు మనసు కుదుటపడటంలో వింతేమీ లేదు.

జబ్బులు నయమవుతాయన్నది వేరే మాట. సువాసన నూనెలతో చేసే చికిత్సకు అరోమాథెరపీ అని పేరు పెట్టిన ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త రెనె మారిస్ గట్‌ఫోసె కథే చూడండి. 1910లో ల్యాబ్ పేలుడులో ఆయన చేతులు కాలాయి. కాలగానే లావెండర్ తొట్టిలో చెయ్యి ముంచేశాడని, మచ్చ లేకుండా మానిందని కథ తిరుగుతోంది. ఆయన రాసుకున్నది వేరు: గడ్డిలో దొర్లి మంటలు ఆర్పుకున్నాడు, తర్వాత పుళ్లకు కండను కుళ్లబెట్టే గ్యాస్ గాంగ్రీన్ సోకింది, అప్పుడు లావెండర్‌తో కడిగాడు. దాని మీద పని చేసి 1937లో పుస్తకం వేశాడు. అసలు కథే ఎక్కువ ఆసక్తిగా ఉంది, దాన్ని ఎందుకు మార్చుకున్నామో నాకు అర్థం కాదు.

ఆందోళన, నిద్ర విషయంలో లావెండర్‌తో కొంత మేలు కనిపించిన పరీక్షలు ఉన్నాయి. మొటిమల మీద ఐదు శాతం టీ ట్రీ (ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నూనె) జెల్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందుతో పోల్చి 1990లో ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షలో రెండూ పని చేశాయి, టీ ట్రీ నెమ్మదిగా, తక్కువ ఇబ్బందులతో. అయితే పీల్చే నూనెల్ని పరీక్షించడంలో ఒక చిక్కు ఉంది. మందు బిళ్ల బదులు ఉత్తి బిళ్ల ఇచ్చి మభ్యపెట్టవచ్చు గానీ, లావెండర్ వాసనను ఎవరి దగ్గర దాచగలం? అందుకే నా డైరీలో లావెండర్‌ను ఉత్తి నీళ్లతో పోల్చడం లేదు, నాకు అంతే నచ్చే ఆరెంజ్‌తో పోలుస్తున్నాను. పడుకునే ముందు టెన్షన్ ఎంతుందో పదికి మార్కులు వేసుకుని, అక్క ఏ సీసా ఇస్తే అది వాడి, ఉదయం మళ్లీ రాస్తున్నాను. ఇప్పటివరకు రెండిటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏ వాసనా లేని రాత్రుల కంటే మాత్రం రెండూ మెరుగు. దీపం తగ్గించి, ఫోన్ పక్కన పడేసి కూర్చునే ఆ అరగంటకే అందులో పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

గోడకు అంటించిన కాగితం

ఇంట్లో అందరికీ కనబడేలా రాసి పెట్టాను. ఏ నూనెనూ తాగకూడదు. నీలగిరి తైలం కొద్ది మిల్లీలీటర్లు లోపలికి పోతే చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. వింటర్‌గ్రీన్ నూనె ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, ఇరవైకి పైగా ఆస్పిరిన్ బిళ్లలతో సమానం. పసిపిల్లల ముఖం దగ్గరికి పిప్పర్‌మెంట్, నీలగిరి రానివ్వకూడదు. పిల్లి ఉన్న ఇంట్లో డిఫ్యూజర్ వద్దు, వీటిలోని చాలా రసాయనాలను విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. గర్భిణులు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే వాడాలి. స్నానం నీళ్లలో నేరుగా చుక్కలు వేయకూడదు, నీటితో కలవదు కాబట్టి చుక్క చుక్కగానే వచ్చి ఒంటికి అంటుకుంటుంది.

ప్రస్తుతం

సీసాలన్నిటి మీదా తెరిచిన తేదీ అంటించాను. గాలి తగిలితే లిమొనీన్, లినలూల్ ఆక్సీకరణ చెంది అలర్జీ తెచ్చే పదార్థాలుగా మారతాయి. నిమ్మ, ఆరెంజ్ ఏడాది దాటితే చర్మానికి వాడను, నేల తుడిచే నీళ్లలోకి వెళ్తాయి. దేవదారు, గంధం ఏళ్ల తరబడి ఉంటాయి. ఇంట్లో తీసిన నిమ్మగడ్డి నూనె ఫ్రిజ్‌లో ఉంది, రంగు ఏమైనా ముదురుతోందేమో అప్పుడప్పుడూ వెలుతురులో పెట్టి చూసి రాసుకుంటున్నాను.

తర్వాతి పని లవంగం. దాని నూనె నీటికంటే బరువు, పైకి తేలకుండా అడుగుకు దిగుతుంది. ఇప్పుడున్న పక్కగొట్టంలో అది నీటితోపాటు తిరిగి ఫ్లాస్కులోకే పోతుంది. బరువు నూనెల కోసం వేరే ఆకారంలో ఉండే గొట్టం కావాలని అక్కకు చెప్పాను.